చేపల చెరువు అడుగు మట్టి

ఆ ఏడు సార్వాలో, అంటే వానాకాలం పంటకి, నా చేను గాలివానకి పడిపోయిందని మా ఇంట్లో అందరూ చెబుతారు. అబద్ధం. గాలి వచ్చింది, వానా కురిసింది, కాదనను. కానీ గట్టుకి అవతలి చేను అదే గాలిలో నిటారుగా నిలబడింది. నాది మాత్రం చాప పరిచినట్టు పడుకుంది.

దాన్ని పడగొట్టింది తిండి. మా అమ్మ నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చేను అది. వ్యవసాయం మాత్రం మావారి అన్నగారిది. ఆ వేసవిలో భీమవరం వైపు చేపల చెరువులు ఎండగట్టి అడుగు మట్టి తవ్వుతుంటే, ఊరికే వస్తోంది కదా అని బావగారు ట్రాక్టర్లతో తోలించి నా చేలో పరిపించారు. చేపలకి వేసిన తవుడు, అవి తినక వదిలేసిన వేరుశెనగ చెక్క, వాటి రెట్ట, అన్నీ ఏళ్ల తరబడి అందులోనే పేరుకున్నాయి. ఆ పైన యూరియా కూడా ఎప్పటిలాగే చల్లించారు.

"మట్టిలోనే అంత బలం ఉంటే మళ్లీ యూరియా దేనికండీ?" అన్నాను.

"పక్కవాడి చేను కన్నా పచ్చగా ఉండద్దేంటమ్మా? కాలేజీలో నేర్పారేంటి వ్యవసాయం?"

"నేర్పారండి. బోటనీ అంటారు."

పచ్చగానే పెరిగింది, నలుపు తిరిగేంత పచ్చగా. దారిన పోయేవాళ్లు బండి ఆపి మరీ మెచ్చుకున్నారు. అంతా ఆకే, కాడలో బలం లేదు. దుబ్బుల్లో గాలి ఆడక సుడిదోమ పురుగు పట్టింది. పడిన చేను కోస్తే సగం తాలు. నా చేను నీళ్లు దిగే మురుగు కాలువలో మాత్రం గుర్రపుడెక్క, నీళ్లు కనపడనంతగా బలిసింది.

"ఈ నేల ఇంక వరికి పనికిరాదమ్మా. చేపల చెరువుకి లీజుకిచ్చేద్దాం, సంతకం పెట్టు," అన్నారు బావగారు.

"అజీర్తి చేసినదాన్ని నీళ్లలో ముంచుతారా? పెట్టనండి."

"అయితే నువ్వే చేసుకో!"

"చేసుకుంటాను."

తర్వాతి పంటకి, దాళ్వాకి, చిటికెడు ఎరువు వేయలేదు. "చేను ఉపవాసం ఉందాండీ?" అని పక్క చేలవాళ్లు గట్టు మీద నవ్వుకున్నారు. "అరగాలి కదండీ," అన్నాను. చేను లేత రంగులోనే ఉంది. పడిపోలేదు. గొప్ప పంటేం కాదు గానీ, కంకిలో గింజ ఉంది. లీజు మాట మళ్లీ ఎత్తలేదు బావగారు.

తప్పంతా గాలివానదేనని నమ్మే బావగారు, ఈ వేసవిలో మళ్లీ చెరువుల అడుగు మట్టినే తన చేలోకి తోలించుకున్నారు. ఆయన చేను ఎగువన. అందులో నిండిన నీళ్లే గట్టు దాటి నా చేలోకి దిగుతాయి. నేను సంతకం పెట్టకుండా లీజుని ఆపగలిగాను సరే, ఆ నీళ్లలో కరిగి వచ్చేదాన్ని ఏ గట్టు వేసి ఆపాలి?