స్టేజీ మీద కట్టిన పట్ట

నిన్న నందికొట్కూరులో మెకానిక్ షాపు ముందు కాలిన ఇంజనాయిలు వాసన తగిలింది. మన ఊరివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాటకాల చెక్క స్టేజీ ఎండకు పగలకుండా, చెద పట్టకుండా మా నాయన ఏటా పూసింది ఆ నూనే. దాని మీద ఎక్కి గెంతితే చింతబరికెతో మన వీపులు చీరేవాడు కూడా ఆయనే.

ఒక ఏడు నాయన తమ్ముడు, మా చిన్నాయన, కర్నూలు నుంచి కొత్త టార్పాలిన్ పట్ట తెచ్చాడు. వానకు తడవకూడదని స్టేజీ కాళ్ళకే బిగించి కట్టాడు. సాయంత్రం ఎర్రదుమ్ము లేపుకుంటూ గాలివాన వచ్చింది. గాలి పట్ట కిందికి దూరి స్టేజీని ఒక పక్క నుంచి పైకి లేపింది. చెక్కలు ఫెళఫెళ విరుగుతున్నాయి. నాయన కొడవలి తీసుకుని ఉరికాడు. చిన్నాయన తాడుకు అడ్డం పడ్డాడు.

"కొత్త పట్ట, కొయ్యద్దు అన్నా. నేను పట్టుకుంటా."

"పట్ట పోతే ఇంగోటి తెచ్చుకుందాం. స్టేజీ పోతే యాడ తెస్తావు? జరుగు."

నాయన ఆయన్ను కాలితో తన్ని తాడు కోశాడు. తెగిన తాడు కొరడాలా లేచి చిన్నాయన ఎడమ కంటిని కొట్టింది. పట్ట ఎటో ఎగిరిపోయింది. స్టేజీ నిలిచింది, కన్ను పోయింది.

నాయన తప్పయిందని ఒక్కమాట అనలేదు. ఆ ఏడు నాటకంలో మాత్రం, అంతవరకూ తానే వేస్తూ ఎవరికీ ఇవ్వని రాజు వేషం తమ్ముడికిచ్చాడు. కిరీటం తన చేతులతోనే కట్టాడు. తాను భటుడి ఈటె పట్టుకుని నాటకం అయ్యేదాకా ఆయన ఎడమ పక్కనే, చూపు లేని వైపు, నిలబడ్డాడు.