నాలుగు గంటల నవల

మేస్త్రి భార్య నవలలు రాస్తుందంటే వర్క్‌షాపులో మొదట ఎవరూ నమ్మలేదు. లేత్ మిషన్ మీద ఇనపకడ్డీని వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కే మనిషి, రోజు మొత్తానికి పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, ఆయనింట్లో నవలలు పుట్టడమేమిటని నవ్వారు. మేస్త్రి వాదించలేదు. మర్నాడు ఆవిడ నవల వస్తున్న వారపత్రిక తెచ్చి, గ్రీజు అంటకుండా పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, అందరూ భోజనం చేసే బల్ల మీద పెట్టాడు. నెల తిరక్కుండానే ఫోర్‌మన్ స్వయంగా వచ్చి, కథలో ఆ నర్సు బతుకుతుందో లేదో ఇంట్లో కాస్త కనుక్కుని చెప్పమని బతిమాలాడు. మేస్త్రికి తెలుసు. చెప్పలేదు. ఆ రోజు ఆయన ఇంటికి నడిచిన నడక చూస్తే వర్క్‌షాపు ఆయన సొంతమేమో అనుకోవాలి.

అలా పదకొండు నవలలయ్యాయి. రాసేది ఆవిడ, కొలిచేది ఆయన. మాటవరసకు కాదు, నిజంగానే కొలిచేవాడు. మూడో అధ్యాయంలో మేడకు పదిహేను మెట్లుండి, తొమ్మిదో అధ్యాయంలో ఎవరైనా దాన్ని నాలుగంగల్లో దిగిపోతే ఊరుకునేవాడు కాదు. పాత్రల వయసులూ, గదుల పొడవు వెడల్పులూ, రైళ్ళ వేళలూ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకునేవాడు. ప్రేమలేఖ మధ్యలో ఆపి, ఆ ఉత్తరం మంగళవారం నాడు అందే వీల్లేదని నిలదీసేవాడు. ఆవిడ విసుక్కునేది. విసుక్కుంటూనే దిద్దేది.

పన్నెండో నవల చివరి భాగం పత్రికకు పంపాల్సిన రోజునే, పక్కగదిలో ఆవిడ తల్లి కన్నుమూసింది. రెండు నెలలుగా ఆ తల్లికి ఒళ్ళు తుడిచిందీ, అన్నం తినిపించిందీ ఆవిడే. అయినా పరామర్శకొచ్చినవాళ్ళకు కనిపించింది మాత్రం బల్ల మీది కాగితాలు. తల్లి ప్రాణం పోతుంటే కాగితాలు నలుపు చేస్తూ కూర్చుందని నలుగురూ అన్నారు. ఆ నలుగురిలో ముందున్నది మేస్త్రి సొంత అక్క. మేస్త్రి భార్య ఎవరికీ జవాబు చెప్పలేదు. పెన్నుకు మూత పెట్టేసింది, తొమ్మిదేళ్ళపాటు తీయలేదు. ఆ రోజు మేస్త్రి కూడా నోరు మెదపలేదు. అది తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

పెన్ను మూతపడిన ఏడో ఏట మేస్త్రి కిడ్నీలు చేతులెత్తేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఆస్పత్రిలో డయాలసిస్. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం యంత్రంలోకి పోయి, శుభ్రపడి, రెండోదాంట్లోంచి తిరిగొస్తుంది. దానికి నాలుగు గంటలు పడుతుంది. మూడు గంటలు ఎలాగో గడుస్తాయి. నాలుగో గంటలో పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, గోడగడియారం మొరాయిస్తుంది. ఇంటికొస్తే గుక్కెడు నీళ్ళు తాగాలన్నా లెక్కే. జీవితమంతా ఇతర వస్తువులను కొలిచిన మనిషికి, తన దాహాన్ని కొలుచుకోవడం మాత్రం చేతకాలేదు. రెండేళ్ళు భరించాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, రేపట్నించి ఇక రానని చెప్పేశాడు.

మానేస్తే ఏమవుతుందో డాక్టరు మొదట్లోనే చెప్పి ఉన్నాడు. పది రోజులు, మహా అయితే పదిహేను. వేరే ఊళ్ళో ఉన్న కూతురు ఫోన్లో ఏడ్చింది, అల్లుడు నచ్చజెప్పాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు. కంచాలు కడిగి, బల్ల తుడిచి, బీరువాలోంచి తెల్లకాగితాలు తీసింది. సాయంత్రం దాకా గదిలోకి పెన్ను గీత చప్పుడు వినిపిస్తూనే ఉంది. నిద్ర నటిస్తున్న మేస్త్రి, తాను కదిలితే అది ఎక్కడ ఆగిపోతుందోనని పక్కకు కూడా ఒత్తిగిలలేదు.

సోమవారం పొద్దున్నే మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆవిడ చదివింది. ఒక వంతెన కాపలాదారు, అతనికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ఇల్లు వదిలి వెళ్ళిపోయిందని లోకం అనుకుంటోంది. చిన్నది వంతెన కింది సామాన్లగది ముందునుంచి పోతూ ఆగింది. గదికి బయట తాళం వేసి ఉంది. లోపల ఎవరో దగ్గారు. అక్కడికి ఆపి, ఆవిడ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"తర్వాత?" అన్నాడు మేస్త్రి.

"మిగతాది ఆస్పత్రిలో. నాలుగో గంటలో చదువుతా."

ఇది అన్యాయమన్నాడాయన. పాతికేళ్ళు పాఠకులను ఏడిపించిన విద్య కట్టుకున్న మొగుడి మీదే ప్రయోగిస్తావా అన్నాడు. ఆవిడ చెప్పులు వేసుకుంది. ఈ ఒక్కసారికే అని గొణుగుతూ ఆయనా వేసుకున్నాడు.

ఆ ఒక్కసారి అయిదు నెలలు సాగింది. వారానికి మూడు అధ్యాయాలు. మొదట్లో మేస్త్రి చెవి దగ్గర వంగి మెల్లగా చదివేది. పక్క మంచం దర్జీ ఊరుకుంటాడా? తన వైపు కూడా వినబడేట్టు చదవమని అడిగాడు. దర్జీ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి, వారం లోపల ఎనిమిది మంచాలకూ కథ తెలిసిపోయింది. అంతకుముందు మేస్త్రి ప్రతిసారీ అరగంట ముందే సూదులు తీసెయ్యమని గొడవచేసేవాడు. ఇప్పుడు టైమయిందన్నా తీయనివ్వడం లేదని టెక్నీషియన్ అమ్మాయి నవ్వింది. మేస్త్రి తన భార్య గొంతుకు ఎనిమిది యంత్రాలున్న గది చెవులప్పగించి పడుకోవడం చూస్తూ, కాసేపు పిక్కల సంగతి మర్చిపోయేవాడు.

ఒకనాడు మేస్త్రి అక్క చూసిపోదామని వచ్చింది. బల్ల నిండా కాగితాలు చూసి పాత పాటే ఎత్తుకుంది. "తమ్ముడు అట్లా ఉంటే నీకు కథలేంటి అమ్మాయ్? నలుగురూ ఏమనుకుంటారు?" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో తెలియదు.

ఆవిడ చేతులు కాగితాల మీదే ఆగిపోయాయి. మేస్త్రి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అక్కా, వాళ్ళమ్మ పోయినప్పుడు నువ్వు ఇదే మాటన్నావు. నేను నోరుమూసుకున్నాను. తప్పు నాదే. ఇవాళ మూసుకోను. నేనిక్కడ కూర్చుని నీతో మాట్లాడుతున్నానంటే ఆ కాగితాల వల్లే. ఇంకోసారి ఆ మాట అనకు."

అక్క మొహం చిన్నబుచ్చుకుంది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయింది. ఆవిడ ఆ రోజు ఒకటికి రెండు అధ్యాయాలు రాసింది.

నలభయ్యో అధ్యాయం దాటాక మేస్త్రికి అనుమానం మొదలైంది. చిన్నకూతురి పెళ్ళి ఒకసారి వర్షానికి ఆగింది, మరోసారి జ్వరానికి ఆగింది. ఎన్నడూ వినని మేనమామ ఒకాయన ఊడిపడి మూడు అధ్యాయాలపాటు తన యాత్రలన్నీ చెప్పాడు. దర్జీకి ఆ మేనమామ తెగ నచ్చాడు. మేస్త్రికి ఒళ్ళు మండింది. అంత చక్కటి కథ జీడిపాకంలా సాగుతోంది. లేత్ మీద ముక్క సరైన కొలతకు వచ్చాక పనిముట్టు ఎత్తెయ్యాలి. ఇంకొక్క చుట్టు తిరిగిందా, అది పాతసామానే. ఈ సంగతి తెలియని మనిషి కాదే తన భార్య, ఎందుకిలా చేస్తోంది?

ఆవిడ మందులషాపుకు వెళ్ళిన ఒక సాయంత్రం, తన పాత రిపోర్టుల కోసం బీరువా వెతుకుతుంటే చీరల కింద కాగితాలు కనిపించాయి. పైన 'చివరి అధ్యాయం' అని ఉంది. ఆవిడ ప్రతి అధ్యాయానికీ తేదీ వేస్తుంది. ఇది రాసి అప్పటికి ఆరువారాలు. మేస్త్రి అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టాడు. కూర్చోవాలని కూడా తోచలేదు. తండ్రి తన చేత్తో ఆ గది తాళం తీసి, పెద్దకూతురి ముందు తలవంచుకుని నిలబడే చోటికి వచ్చేసరికి ఆయనకు అక్షరాలు కనబడలేదు. పదకొండు నవలల్లోనూ ఆవిడ ఇంత బాగా రాయలేదు. తప్పు పట్టడానికి ఒక్క కొలతైనా దొరకలేదు.

తలుపు తీసుకుని వచ్చిన ఆవిడ ఆయన చేతిలోని కాగితాలు చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఇది రాసి ఆరువారాలైంది. మరి ఆ మేనమామ ఎవడు?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ మందుల పొట్లం బల్ల మీద పెట్టింది. "అది చదివేస్తే ఆ తర్వాతేంటి? ఆ రోజు మీరు రానన్నారు. కథ కోసం వచ్చారు. అయిపోతే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటారు. అందుకే సాగదీశాను. చెత్తగా ఉందని నాకూ తెలుసు."

మేస్త్రికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. కామా దగ్గర రాజీపడని మనిషి, పత్రిక ఎడిటరు ఒక వాక్యం మారిస్తే నెలరోజులు మాట్లాడని మనిషి, తన కోసం తన పుస్తకాన్ని తానే పాడుచేసుకుంటోంది. అంతకంటే పెద్ద ఖరీదు ఆవిడ దేనికీ పెట్టలేదని ఆయనకు తెలుసు.

"నన్ను బతికించడానికి దీన్ని చంపకు. ఆ మేనమామను తీసెయ్. శుక్రవారం ఇది చదువు," అన్నాడు.

"ఆ తర్వాత సోమవారం?"

"వస్తాను."

"కథ లేకపోయినా?"

"లేకపోయినా."

శుక్రవారం నాలుగో గంటలో ఆవిడ చివరి అధ్యాయం చదివింది. ఎక్కడో ఒక యంత్రం కూతపెడితే టెక్నీషియన్ అమ్మాయి గబగబా దాని నోరు నొక్కేసి, అక్కడే నిలబడిపోయింది. చదవడం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎలా కొడతారు, ఒక్కొక్కళ్ళకు ఒక్కో చెయ్యే ఖాళీ. దర్జీ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. మేస్త్రి మాత్రం తల కాస్త పైకెత్తి, ఈవిడ నా భార్య అన్నట్టు గదినంతా ఒకసారి కలియజూశాడు.

ఆదివారం గడవడం కష్టమైంది. ఆవిడ సోమవారం ఊసెత్తలేదు. ఎత్తలేదు గానీ, ఆయన గోడవైపు ఒత్తిగిలినప్పుడల్లా గుమ్మం దాకా వచ్చి చూసి పోయింది. మాట ఇచ్చాడే కానీ మేస్త్రికి వెళ్ళాలని లేదు. సూది తలుచుకుంటేనే చెయ్యి బిగుసుకుంటోంది. ఆ పట్టేసే పిక్కలూ, ఆ కదలని గడియారమూ, ఇక వాటి మధ్య వినడానికేమీ లేదు. పొద్దున్న లేచి మంచం అంచున కూర్చుని, అయిదు నిమిషాలు నేలను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని, ఆవిడ సంచి తానే పట్టుకుని వీధిలోకి వచ్చాడు.

వార్డులో సూదులు గుచ్చాక దర్జీ పక్కకు తిరిగాడు. "కథ అయిపోయిందిగా మేస్త్రిగారూ, ఇవాళ దేనికొచ్చారు?" అని నవ్వాడు.

"ఆవిడ పని ఆవిడ పూర్తిచేసింది. అది అచ్చై పుస్తకంగా చేతికొచ్చేదాకా ఉండడం నా పని," అన్నాడు మేస్త్రి.

స్టూలు మీద కూర్చున్న ఆవిడ ఈ రెండున్నరేళ్ళలో మొదటిసారి ఏడ్చింది, దాచుకోకుండా. నాలుగో గంటలో ఆయన పిక్కలు పట్టేశాయి. ఆవిడ రెండు చేతులతో కాలు నొక్కుతూ కూర్చుంది. గడియారం ఎప్పటిలాగే మొరాయించింది. నాలుగు గంటలూ పూర్తయ్యేదాకా మేస్త్రి సూదులు తీయమని అడగలేదు.