నాలుగో వరసకు కట్టిన ఎర్ర గుడ్డ

మా వీథి చివరి మూడంతస్తుల ఇంట్లో నేల వాటాలో ఉండే మేస్త్రిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. చెవి మేస్త్రి అంటారు. వినోదాల పార్కులో గాలిలో ఊగే పెద్ద ఓడకు పద్దెనిమిదేళ్ళపాటు అతడే వైద్యుడు. గేట్లు తెరవకముందే వెళ్ళి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొనను బేరింగు గూటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు అదిమి, కళ్ళు మూసుకొని వినేవాడు. ఆరోగ్యంగా ఉన్న బేరింగు చేటలో బియ్యం చెరిగినట్టు పలుకుతుందనీ, జబ్బు మొదలైతే ఆ బియ్యంలో రాయి తగులుతుందనీ అతని సిద్ధాంతం. ఇంట్లోనూ ఊరుకోడు. ఫ్యానుకూ, నీళ్ళ మోటారుకూ, భార్య కుట్టు మిషనుకూ అదే పరీక్ష.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ ఇల్లాలు, “లోకంలో మోగేవన్నీ వింటారు, నా మాట తప్ప,” అని దెప్పేది.

“నీ మాటలో రాయి తగలడం లేదుగా, అందుకే నిశ్చింతగా ఉన్నాను,” అనేవాడు. ఆమె నవ్వు ఆపుకొని దారం కొరికేది.

ఓడలో ఎనిమిది వరసలు. వరసకు నలుగురు. కూర్చున్నవారి ఒడిమీదకు ఒక ఇనుప కమ్మి దిగుతుంది. దిగాక పక్కనున్న పళ్ళ చక్రంలో ఒక కొక్కెం పడి దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఏ వరస కమ్మిలో లోపం కనిపించినా మేస్త్రి ఆ కమ్మికి ఎర్ర గుడ్డ కట్టేవాడు. ఆ వరసలో ఎవరూ కూర్చోరాదని దాని అర్థం. భార్య కుట్టుపనిలో మిగిలిన ముక్కలకు అంచు మడిచి కుట్టి ఇచ్చేది. ఆ గుడ్డకు ఒక నియమం ఉంది. పని నేర్పిన ముసలి ఫిట్టరు అతనికి అప్పగించిన ఆస్తి ఆ నియమమొక్కటే: కట్టినవాడే విప్పాలి. మేనేజరైనా, యజమానైనా, వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, వేరొకడి చెయ్యి దానిమీద పడరాదు. విప్పేవాడికి తాను దేన్ని బాగుచేశాడో తెలిసి ఉండాలి. ఇంతకంటె సులభమైన పాఠం నేను ముప్పై నాలుగేళ్ళ పంతులమ్మ ఉద్యోగంలో ఎవరికీ చెప్పలేదు. దీన్నికూడా అర్థం చేసుకోలేనివారు లోకంలో పెద్ద ఉద్యోగాలలో ఉంటారని ఆ తరువాత తెలిసింది.

ఆ రోజు సెలవు. జనం పోటెత్తారు. ఉదయం పరీక్షలో నాలుగో వరస కొక్కెం పన్ను అరిగిందని మేస్త్రి కనిపెట్టాడు. కమ్మి దిగుతోంది, బిగుస్తోంది, కాని మోకాలితో గట్టిగా తంతే ఎగురుతోంది. కొత్త కొక్కెం రావడానికి రెండు రోజులు. గుడ్డ కట్టేశాడు. మధ్యాహ్నానికి జనం వరుస మెలికలు తిరిగి ఐస్‌క్రీం బండిదాకా పాకింది. విడతకు నాలుగు సీట్లు ఖాళీగా ఊగుతుంటే మేనేజరు ప్రాణం విలవిలలాడింది. ఆయన ఈ ఉద్యోగానికి వచ్చేముందు పరుపులు అమ్మేవాడు. పరుపు తెగితే మనిషి నేలమీద పడతాడు, అంతే. ఆ అనుభవంతోనే ఆయన ఓడను చూశాడు. మేస్త్రి కింద గేరు అరలో గ్రీజు పెడుతున్న సమయంలో గుడ్డ విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మేస్త్రి పైకి వచ్చేసరికి నాలుగో వరస నిండి ఉంది. మేనేజరు జేబులోంచి ఎర్ర అంచు కనిపిస్తూనే ఉంది. అతడు కుడిచెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి లేచి ఉన్నంతసేపు మీట నొక్కరాదని మీట దగ్గరి ఉద్యోగికి ఆజ్ఞ.

అప్పుడు జనం ఈలలు వేశారు.

“ఏవయ్యా, ట్రాఫిక్ పోలీసువా? దించు చెయ్యి!”

“చంకలో చెమట ఆరబెట్టుకుంటున్నాడురా!”

“ఒడ్డునే పెళ్ళి చేస్తావా ఓడకి?”

చివరి చమత్కారం మా వీథి మొగలో చెప్పుల కొట్టు నడిపే పెద్దమనిషిది. మెల్లగా మాట్లాడడం పుట్టుకతోనే రాలేదు కాబట్టి ఆయనను అందరూ మైకు అంటారు. వరుసలో ముందునుంచి మూడోవాడు ఆయనే. మేనేజరు దగ్గరకు వచ్చి, “నేను స్వయంగా లాగి చూశాను మేస్త్రీ, గట్టిగానే ఉంది. నలుగురిలో నా పరువు తీయకు,” అన్నాడు.

పది లెక్కపెట్టేంతసేపు ఆ చెయ్యి గాలిలో నిలిచింది. తరువాత దిగింది.

ఏడో ఊపులో నాలుగో వరస కమ్మి లేచింది. ముగ్గురు ఒకరినొకరు పట్టుకొని నిలిచారు. చివరి సీటులోని అమ్మాయికి పట్టుకోవడానికి ఎవరూ అందలేదు. ఆసుపత్రిలో నర్సు, ఇరవై ఆరేళ్ళు, నెలకొకసారి దొరికే సెలవుకు తోటి నర్సులతో వచ్చింది. ఆసుపత్రికి చేరకముందే పోయింది.

ఇక జనం సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు మర్యాదైన మాటలు చాలవు గాని, ఉన్నవాటితోనే సర్దుకుంటాను.

ఆ అమ్మాయి కింద పడివుండగా, గుడ్డ కప్పడానికి కదిలినవారు ఇద్దరు. ఫోన్లు ఎత్తి పట్టినవారు రెండువందలు. ఆ సాయంత్రానికే మా వీథిలో ప్రతివాడూ ఇంజనీరు. ఇరుసు విరిగిందని ఒకరు, కరెంటు హెచ్చిందని ఒకరు, ఓడను తయారుచేసిన ముహూర్తమే మంచిది కాదని ఒకరు. బతికుండగా ఆ పిల్ల ఎవరో ఎరగనివారంతా ఆమె చదువునూ, చిరునవ్వునూ, చేతివాసినీ పొగిడారు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా! మరునాడు మైకు నాయకత్వాన పార్కు గేటు ముందు కొవ్వొత్తులు వెలిగాయి. కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి ఫొటోలో బాగా పడలేదని ఆయన రెండోసారి వెలిగించుకున్నాడు. అక్కడినుంచి ఊరేగింపు నేరుగా మేస్త్రి వాటాకు వచ్చింది.

“బయటికి రా మేస్త్రీ! ఒక ఆడపిల్ల ఉసురు పోసుకొని ఇంట్లో ఎలా కూర్చున్నావు?”

కిటికీ అద్దం పగిలింది. కుట్టి పెట్టిన నలభై యూనిఫారాలమీద గాజు పెంకులు పడ్డాయి. మేస్త్రి భార్య ఒక్కొక్క చొక్కాను దులుపుతూ, పిల్లల మెడకు గుచ్చుకుంటాయేమోనని కుట్టు కుట్టునూ వేలితో తడిమి చూసింది. ఆ వీథిలో ఆ రోజు ఇతరుల పిల్లల గురించి నిజంగా ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే.

మూడో రోజున గాలి మళ్ళింది. ఎర్ర గుడ్డను ఆ అమ్మాయే విప్పి కూర్చుందన్న మాట పార్కు ఆఫీసులో పుట్టి పత్రికకెక్కింది. కొవ్వొత్తుల మైనం గేటు దగ్గర ఇంకా నేలకు అంటుకొని ఉండగానే నాలుకలు తిరిగాయి.

“ఈ కాలం పిల్లలకి ఫొటో పిచ్చండీ. వద్దన్నచోటే కూర్చుంటారు,” అన్నాడు మైకు, చెప్పుకు మేకు కొడుతూ. “పాపం మన మేస్త్రిని అనవసరంగా అన్నాం.”

మేనేజరు మేస్త్రిని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలో అతనికి దొరికిన మొదటి కుర్చీ.

“విచారణాధికారి వస్తున్నాడు. గుడ్డ కట్టావు, ఆ అమ్మాయి విప్పింది, నువ్వు గేరు అరలో ఉన్నావు. అంతే కదా? నీ ఉద్యోగం నీకుంటుంది, నీ పేరు నిలుస్తుంది. పోయిన మనిషి వచ్చి కాదంటుందా?”

ఆ మాటలే రాసి ఉన్న కాగితం తీసుకొని, ఆలోచించి చెబుతానని మేస్త్రి లేచాడు. ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. అప్పుడు అక్కడే ఉన్న తోడల్లుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “సంతకం పెట్టెయ్యి అన్నయ్యా! తిలాపాపం తలా పిడికెడు. నీ ఒక్కడికే ఎందుకు నొప్పి?”

“నా పిడికెడు ఎంతో చూసుకోవద్దా?” అన్నాడు మేస్త్రి.

“చూసుకొని ఏం చేస్తావు?”

మేస్త్రి స్క్రూడ్రైవరు తీసుకొని నీళ్ళ మోటారు దగ్గరకు పోయాడు.

నాలుగోవారంలో ఆ అమ్మాయి తల్లి వచ్చింది. కోర్టు పక్కన జిరాక్సు మిషను నడుపుతుంది. వేళ్ళ చివరలకు నల్లపొడి అంటుకొని ఉంది. పత్రిక ముక్కను మడత విప్పి బల్లమీద పెట్టింది.

“మేస్త్రిగారూ, మా అమ్మాయి మందు సీసామీద పేరు మూడుసార్లు చదివిగాని సూది ఎత్తదు. ఇంట్లో గ్యాసు కట్టేశానా అని వెనక్కి వచ్చి చూసుకునే మనిషి. అది గుడ్డ విప్పిందా?”

“విచారణలో చెబుతానమ్మా.”

“విచారణకు నన్ను పిలవలేదు. నాకు ఇక్కడ చెప్పండి.”

మేస్త్రి బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. లోపల కుట్టు మిషను ఆగింది. ఇల్లాలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ తల్లి సగం తాగి, గ్లాసును తనే తీసుకెళ్ళి వంటగది గట్టుమీద పెట్టి, పత్రిక ముక్కను మళ్ళీ అదే మడతమీద మడిచి వెళ్ళిపోయింది.

“ఆవిడ ఏమడిగిందో విన్నారా?” అంది భార్య.

“విన్నాను.”

“విని ఊరుకోవడం మీకు ఎప్పటినుంచి అలవాటైంది?”

కొక్కేలన్నీ మార్చామన్న హామీమీద తాత్కాలికంగా అనుమతి సంపాదించి, విచారణ ముగియకముందే, ఆరోవారంలో ఓడను మళ్ళీ ఊపారు. కొత్త రంగు వేశారు. జనానికి సిగ్గుంటే ఆ రోజు ఓడ ఖాళీగా ఊగాలి. వరుస ఐస్‌క్రీం బండిని దాటి మరుగుదొడ్లదాకా పోయింది. ఆ ఓడ అంతకుముందెన్నడూ అంత పేరు పొందలేదు! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు ఒక్కడే అనుకొనేదాన్ని. ఆ రోజు నిప్పు కోసం టిక్కెట్టు కొని నిలబడ్డారు.

ముందునుంచి రెండోవాడు మైకు. భార్యనూ, బావమరిదినీ వెంటబెట్టుకొని వచ్చాడు.

“ఏవోయ్ మేస్త్రీ, ఆ పిల్ల కూర్చున్నది ఏ సీటు? మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టు.”

“ఎందుకన్నా?”

“ఎందుకేవిటోయ్, ఊరికే! వచ్చాం కదా, చూసినట్టుంటుంది. మా బావమరిది పందెం కూడా కాశాడు. అయినా గుడ్డ విప్పుకున్నది ఆ పిల్లే గదా, మనకేం భయం?”

మేస్త్రి ఆయన ముఖంలోకి చూశాడు. తరువాత ఎనిమిది వరసల కమ్ములనూ ఒక్కొక్కటిగా లాగి, మోకాలితో తన్ని చూశాడు. మైకు కూర్చున్న వరసను మిగిలినవాటికంటె రెండుసార్లు ఎక్కువ తన్నాడు. అలాంటి మనిషి ప్రాణానికికూడా అంత జాగ్రత్త తీసుకోవడం అతని వృత్తి. ఆ సాయంత్రం మేనేజరు తయారుచేసి ఉంచిన కాగితాన్ని సంతకం లేకుండా తిరిగి ఆయన బల్లమీద పెట్టాడు.

విచారణలో మేస్త్రి వాఙ్మూలం ముప్పావుగంట సాగింది. గుడ్డ ఎందుకు కట్టాడో, ఎవరు విప్పారో, అది ఏ జేబులో కనిపించిందో చెప్పాడు. అధికారి కలం మూసి, “ఇక చాలు,” అన్నాడు.

“ఇంకొకటి ఉంది సార్. నేను చెయ్యి ఎత్తాను. జనం ఈలలు వేశారు. దించేశాను.”

“ఆ సంగతి మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీట దగ్గరి ఉద్యోగికూడా చెప్పలేదు. రాయమంటారా? రాస్తే మీకే నష్టం.”

“రాయండి. గుడ్డ విప్పింది ఆయన. చెయ్యి దించింది నేను.”

అధికారి రాశాడు. మేనేజరుమీద కేసు నడుస్తోంది. మేస్త్రి యోగ్యతాపత్రాన్ని మూడేళ్ళు రద్దుచేశారు, ఉద్యోగం పోయింది. పత్రిక శీర్షిక మాత్రం “తప్పు ఒప్పుకున్న మేస్త్రి” అని వచ్చింది. మేనేజరు సంగతి లోపలి పుటలో, కింద, వాన కబుర్ల పక్కన ఉంది. శీర్షికకు దిగువన చదివే ఓపిక జనానికి ఎన్నడుంది?

వాఙ్మూలం ఇచ్చిన మరునాడే అతడు జిరాక్సు కొట్టుకు వెళ్ళాడు. ఆమె ఎవరివో దస్తావేజులు తీస్తోంది. అతడు నిలబడే అంతా చెప్పాడు. చెయ్యి సంగతికూడా చెప్పాడు. ఆమె మిషను ఆపలేదు. ఆఖరి కాగితం బయటికి వచ్చాక అడిగింది:

“ఎంతసేపు ఎత్తి ఉంచారు?”

“పది లెక్కపెట్టేంతసేపు.”

ఆమె చాలాసేపు కాగితాల అంచులు సరిచేసింది. “మిమ్మల్ని క్షమించానని చెప్పించుకోవడానికి వచ్చుంటే వెళ్ళిపోండి. నేను చెప్పను.”

“అందుకు రాలేదమ్మా. మీరు అడిగారు. ఆ రోజు చెప్పలేదు.”

“అది విప్పలేదు కదా?”

“విప్పలేదు.”

“ఆ మాట మీ వీథిలో చెప్పారా?”

“నమ్మరమ్మా.”

“నమ్మించమని అడిగానా? చెప్పారా అని అడిగాను.”

అతడు బస్సు దిగి ఇంటికి పోలేదు. చెప్పుల కొట్టు ముందు ఆగాడు. నలుగురైదుగురు బేరమాడుతున్నారు.

“గుడ్డ ఆ అమ్మాయి విప్పలేదన్నా. మేనేజరు విప్పాడు. నేను చెయ్యి ఎత్తితే మీరంతా ఈలలు వేశారు, నేను దించాను.”

మైకు గొంతు జీవితంలో మొదటిసారి తగ్గింది.

“మేమా? నేను ఆ రోజు ఊళ్ళోనే లేనోయ్. కావాలంటే మా ఆవిణ్ణి అడుగు.”

“లేకపోతే మంచిదే. ఆ అమ్మాయి విప్పలేదన్నది మాత్రం గుర్తుంచుకోండి.”

“సరే సరే, ఇప్పుడెందుకా గొడవ? గిరాకీ వేళ!”

మేస్త్రి తల ఊపి, మెట్టు దిగి, పక్కనున్న మందుల కొట్టులోకి వెళ్ళాడు. అక్కడ ముగ్గురున్నారు. వారికీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.