చలపతి సార్ మార్చని మాట

మా క్యాంపు మెస్ హాల్లో ఒక టీవీ ఉంది. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని దాని ముందు కూర్చుంటారు. మొన్న నేను చెయ్యి కడుక్కుంటూ ఉంటే వెనకనుంచి ఆ మోత వినిపించింది: ఢాం, ఢాం, ఢాం. ఏ అత్తగారి ముఖమో మూడుసార్లు దగ్గరికొచ్చిందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. సీరియల్ మీద కాదు నా కోపం. ఒకప్పుడు ఆ మోతను ఒక మనిషి నోటితో చేసేవాడు. తెల్లారీ తెల్లారకముందే, బయట కంపెనీ బస్సు హారన్ మోగుతుండగా, ముప్పై మంది పనివాళ్ళ ముందు నా హెల్మెట్ బెల్టు ఊడి ఉందని కనిపెట్టి, "ఢాం, ఢాం, ఢాం" అంటూ నా ముఖంలో ముఖం పెట్టేవాడు. ఆయన పేరు చలపతి. మా కంపెనీలో సేఫ్టీ ట్రైనర్. అంతకుముందు టీవీ నటుడు. ఇప్పుడు ఆయన ఇక్కడ లేడు. అయినా ఆ మోత వినగానే నా చెయ్యి దానంతటదే గడ్డం కిందికి, బెల్టు కోసం పోయింది. ఏం ఖర్మ!

ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం ఖతార్ మొత్తాన్ని తవ్వి పోస్తున్న రోజులవి. జగిత్యాల పక్క పల్లెనుంచి హెల్పర్ వీసా మీద వచ్చి ఇండస్ట్రియల్ ఏరియాలోని క్యాంపులో పడ్డాను. ఇంటర్ దాకా చదివాను. ఆ ఒక్క పాపానికి నన్ను ఆయనకు అసిస్టెంటుగా ఇచ్చారు. కుర్చీలు వేయడం, హాజరు రాయడం, ఆయన తెలుగును మా వాళ్ళ తెలుగులోకి మార్చడం నా పని. మొదటి రోజే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "నర్సయ్యా, నీ ముఖంలో ఏ భావమూ లేదయ్యా. దూరదర్శన్‌లో వార్తలకి పనికొస్తావు" అన్నాడు.

ఆయనది తెనాలి వైపు. తండ్రి బడిలో తెలుగు మాస్టారు. కొడుకు బ్యాంకులో కూర్చోవాలని తండ్రి పట్టు, పరిషత్తు నాటకాల్లో విలన్ వేషం కట్టాలని కొడుకు పట్టు. చివరికి కొడుకే గెలిచాడు, హైదరాబాదు చేరాడు. సీరియళ్ళలో మొదట పెట్టె మోసే మనిషి, తర్వాత "మా ప్రయత్నం మేం చేశాం" అనే డాక్టరు, తర్వాత జడ్జి, ఇన్‌స్పెక్టరు. ఆఖరికి ఒక డైలీ సీరియల్లో కుటుంబ భారం మోసే పెద్దన్నయ్య వేషం దొరికింది. పాల బూత్ దగ్గర ఆడవాళ్ళు ఆపి మరీ కష్టం చెప్పుకునేవాళ్ళట. ఒకరోజు సెట్లో, ఏ అన్నా తమ్ముడితో అలా మాట్లాడడని వాదించి, డైలాగు తనకు నచ్చినట్టు మార్చి చెప్పాడు. పై వారం ఆ పెద్దన్నయ్యను లారీ గుద్దేసింది.

"నాలుగు నెలలు ఫోటోనై గోడకి వేలాడానయ్యా నర్సయ్యా" అనేవాడు. "దండ మార్చేవాళ్ళు గానీ నన్ను మార్చలేదు. ఆ తర్వాత ఎక్కడికెళ్ళి వేషం అడిగినా, మీరు పోయారు కదండీ అనేవాళ్ళు." ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బావమరిది ఎవరో ఇక్కడే ఖతార్‌లో, రాస్ లఫాన్‌లో ఇంజినీరుగా ఉండి ఈ ఉద్యోగం చూపించాడట. ఆ బావమరిది ఎదురుపడితే రెండు మాటలు అడగాలని నాకు చాలా రోజులు ఉండేది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి చూస్తే ప్రాణం విసిగిపోయేది. మిగతా ట్రైనర్లు బొమ్మలు చూపించి సంతకాలు తీసుకుని పంపేసేవాళ్ళు. ఈయన తానే తొందరపెట్టే ఇంజినీరైపోయి "యల్లా, యల్లా! దిగు గోతిలోకి!" అని ఒక్కొక్కరి మీదా అరిచేవాడు. ఎదుటివాడు "దిగను" అని గట్టిగా అనాలి. మా వాళ్ళ నోట ఆ మాట వస్తుందా? వచ్చినా వెనక తోక ఉండేది.

"దిగ సార్."

"ఆ సార్ తీసెయ్. మళ్ళీ."

"సార్ను సార్ అనకుంటె ఎట్ల సార్?"

"నీ ప్రాణం పోతున్నా సారేనా? మళ్ళీ!"

బయట బస్సు డ్రైవర్ హారన్ మీదనుంచి చెయ్యి తీసేవాడు కాదు. ఆలస్యానికి ఫోర్‌మన్ తిట్లు నాకు. "కొంచెం జల్ది కానియ్యండి సార్" అని బతిమాలితే, "జల్దీగా చావడం నేర్పమంటావా?" అనేవాడు. అందులో తప్పేముందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం గోడకేసి తల కొట్టుకోవాలనిపించేది.

ఇంకో చావు ఏమిటంటే ఆయన అనువాదం. తెలుగూ ఇంగ్లీషూ రెండూ బాగా వచ్చినవాడు ఆఫీసులో ఆయనొక్కడే కాబట్టి క్లినిక్‌కైనా, పంచాయితీకైనా ఆయన్నే పిలిచేవాళ్ళు. ఎవరి మాటనూ ఉన్నది ఉన్నట్టు దాటించిన పాపాన పోలేదు. ఒకసారి కోరుట్ల అతను డాక్టరుతో "రెండు రోజులసంది కడుపు నొస్తుంది" అన్నాడు, అంతే. ఈయన లేచి నిలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళు తేలేసి ఇంగ్లీషులో రెండు నిమిషాలు దంచాడు. డాక్టరు హడలిపోయి అంబులెన్స్ పిలిచాడు. పెద్దాసుపత్రిలో తేలింది ఏమిటంటే, అజీర్తి. ఆ కోరుట్ల అతను తిరిగొచ్చి, "సార్, నేను సచ్చిపోతున్న అనుకున్న" అని ఏడ్చాడు. "నువ్వు సరిగ్గా చెప్పలేకపోతున్నావని నేను అందుకున్నానయ్యా" అన్నాడీయన, ఏ సిగ్గూ లేకుండా.

ఇక ఆ రోజు సంగతి. స్టేడియం వైపు వెళ్ళే రోడ్డు పక్కన మురుగు లైను పని. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగాలంటే ముందు మీటరు పెట్టి లోపల విషవాయువు ఉందో లేదో చూడాలి, కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితాన్నే పర్మిట్ అంటాం. ఆ పొద్దున సామాను అందించడానికి వెళ్ళినవాణ్ణి, పర్మిట్ వచ్చిందా అని అరబ్బు ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. "పర్మిట్ మాఫీ" అని పెట్టేశాడు. లేదని. అరబ్బీలో మాఫీ అంటే లేదు. చాయ్ మాఫీ, బస్సు మాఫీ, ఛుట్టీ మాఫీ. ఇక్కడ నాలుగు నెలలుంటే నిద్రలో కూడా ఆ మాటే వస్తుంది. నేనూ వ్యాన్ ఎక్కుతూ, గోతి దగ్గరున్న ముగ్గురికీ వినిపించేలా "పర్మిట్ మాఫీ!" అని కేకేసి వెళ్ళిపోయాను.

ఆ ముగ్గురిలో ఒకడు గంగారాం. మెట్‌పల్లి దగ్గరివాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, దేశం దాటి రావడం అదే మొదలు, వచ్చి తొమ్మిది రోజులు. మా ఊళ్ళలో మాఫీ అంటే ఒకటే అర్థం. రుణమాఫీ, ఫీజు మాఫీ. అంటే రద్దయింది, ఇక అక్కర్లేదు అని. మిగతా ఇద్దరు బిహారీలు నీళ్ళు తాగడానికి పక్కకి పోయి వచ్చేలోపు అతను నడుముకు తాడు కట్టుకుని దిగాడు. నాలుగో మెట్టు మీద స్పృహ తప్పింది. ఆ తాడు ఉండబట్టి పైకి లాగగలిగారు, బతికాడు.

క్లినిక్‌లో మంచం మీద కూర్చుని నన్ను చూసి నవ్వబోయాడు. "నువ్వే గదన్నా పర్మిట్ మాఫీ అన్నవ్. మాఫీ అయినంక ఇంక దిగుడే గద అనుకున్న." పర్మిట్ లేకుండా దిగినందుకు అతణ్ణి ఇంటికి పంపేస్తారని అప్పటికే ఆఫీసులో అనుకుంటున్నారు. ఎంక్వయిరీ మర్నాడు.

ట్రైనింగ్ రూముకెళ్ళి చలపతి సార్‌కి జరిగింది చెప్పాను. చెప్తే ఏదో ఒక ఉపాయం చూపిస్తాడనుకున్నాను. ఆయన కుర్చీ లాగి నా ఎదురుగా వేసుకున్నాడు.

"నేను మేనేజర్ని. చెప్పు. ఇలా అను, మాఫీ అన్నది నేను. విడమరిచి చెప్పకుండా పోయింది నేను. తప్పు నాది. మూడు ముక్కలు, అంతే."

"నా కొలువు వోతది సార్."

"పోవచ్చు. కానీ చెప్పకపోతే వాడిది ఖాయంగా పోతుంది. చెప్పు."

చెప్పాను. మళ్ళీ అన్నాడు. ఇంకోసారి చెప్పాను. తప్పు అన్న చోట గొంతు జారుతోందన్నాడు. మధ్యాహ్నం భోజనాల బెల్ కొట్టినా వదల్లేదు. "మనిషి బతుకు మీదికొస్తే గిప్పుడు గూడ మీకు నాటకమేనా సార్!" అని అరిచేశాను. ఆయన నొచ్చుకోలేదు. "ఇప్పుడు గొంతు బాగా పలికింది. ఇదే గొంతుతో చెప్పు" అన్నాడు. చిరాకుతో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు టేబుల్‌కి అటు మేనేజరు, హెచ్‌ఆర్ ఆఫీసరు. ఇటు గంగారాం, నేను. మా ఇద్దరి మధ్య అనువాదానికి చలపతి సార్. గంగారాం ఆశగా నా వైపే చూస్తున్నాడు. మేనేజరు నన్ను అడిగాడు, ఏం జరిగింది అని. నోరు తెరిచాను. మూడు ముక్కలూ నాలుక మీదే ఉన్నాయి. అమ్మ ముఖం, ఊరు, ఎయిర్‌పోర్టు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. నా నోటినుంచి వచ్చింది వేరే.

"మాఫీకి రెండర్థాలున్నయని మాకు ట్రైనింగ్ల ఎవ్వలు చెప్పలేదు సార్. చెప్తే గంగారాం దిగకపోతుండె."

గంగారాంకి ఇంగ్లీషు రాదు, మేనేజరుకి తెలుగు రాదు. ఆ గదిలో ఆ మాటను ఎటైనా తిప్పగలిగినవాడు ఒక్కడే, అతని మీదే ఆ మాట. అజీర్తిని ప్రాణాపాయం చేసిన మనిషికి అదెంత పని? పాఠం తొందరగా ముగించమని హారన్ కొట్టించే కంపెనీ మీదికి తోయొచ్చు. అసలు దోషి వీడేనని నన్ను చూపించొచ్చు. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో చెవులు రిక్కించి విన్నాను. నావి రెండు వాక్యాలు. ఆయనవీ రెండే. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. గొంతులో ఎత్తు లేదు, పల్లం లేదు. ట్రైనింగ్ ఎవరిస్తారని మేనేజరు అడిగాడు. "నేనే" అన్నాడు.

గంగారాంని ఉంచేశారు. నన్నెవరూ ఏమీ అనలేదు. చలపతి సార్‌ని ట్రైనింగ్ నుంచి తీసేసి ఉత్తరాన అల్ రువైస్‌లో చిన్న క్యాంపుకి ఇన్‌చార్జిగా పంపారు. వారం తిరక్కుండానే ట్రైనింగ్ రూము నాకు అప్పజెప్పారు. అది నాకు ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను, అయినా వద్దనలేదు.

రెండు నెలలాగి, ఒక శుక్రవారం బస్సు పట్టుకుని అల్ రువైస్ వెళ్ళాను. చేపల వాసన వేసే రేకుల షెడ్డు వెనక బట్టలు ఆరేస్తున్నాడు. ఆ క్యాంపులో తెలుగువాళ్ళే లేరు, కథలు చెప్పడానికి కూడా మనిషి లేడు. "నన్ను తిట్టుండ్రి సార్" అన్నాను.

"ఏవని తిట్టను? నువ్వన్నది అబద్ధమా? ఆ మాట సంగతి నేనెప్పుడూ చెప్పలేదుగా. చెప్పి ఉండాల్సింది."

"తప్పు నాదని మీకెరుకే గద! అందరి మాటలు మారుస్తరు. అదొక్కటి మార్చకపోతిరి?"

తడి లుంగీ పిండుతూ ఆగాడు. "అది నా మీద చెప్పిన మాటయ్యా. నా మీద చెప్పింది నేనెలా మారుస్తాను?"

అంతే. దెబ్బలాడడు, క్షమించానని అనడు. ఎంత కోపమొచ్చిందో నాకు! పైగా చేపల పులుసు పెట్టి, తిన్నాక లేపి నిలబెట్టి, ఇప్పుడు పాఠం ఎలా చెప్తున్నానో చేసి చూపించమన్నాడు. ఆ రేకుల కింద, చెమటలు కారుతుండగా, ఒక్క మనిషి ముందు గంటసేపు చేశాను. "మాఫీ సంగతి చివర్లో పెడుతున్నావు. చివర్లో ఎవరూ వినరు. మొదట పెట్టు" అన్నాడు. కాంట్రాక్టు అయిపోగానే హైదరాబాదు వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ఆయన నంబరు మారిపోయింది. నేనూ గట్టిగా వెతకలేదు, వెతికితే దొరుకుతాడేమోనని భయం.

మాఫీ సంగతి మొదటే చెప్తున్నాను. తప్పు చేసింది నేనేనని కూడా ప్రతి బ్యాచికీ చెప్తాను. కొత్తవాళ్ళ ముందు చెప్పడానికేం, వాళ్ళు నా ఉద్యోగం తీసెయ్యలేరు కదా. ఎంక్వయిరీలకి అనువాదం చేసేది కూడా ఇప్పుడు నేనే. పోయిన నెల నిచ్చెన మీదనుంచి పడిన నిర్మల్ అతను కాలికి కట్టుతో కూర్చుని, మేనేజరు ముందు నాతోనే అన్నాడు: "నర్సయ్య సార్ ఉరుకులాటల చెప్తడు. మాకు సమజ్ గాదు. మల్ల అడిగితె గుర్రుమంటడు." నిజమే, గుర్రుమంటాను. ఆ చివరి మాట వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఇంగ్లీషులో దానికి సరిపడే మాట కోసం తడుముకుని మరీ చెప్పాను. చెప్తున్నంతసేపూ నా చెవులు కాలిపోయాయి. ఆ అతను మాత్రం కళ్ళార్పకుండా నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నాడు. చలపతి సార్ నా మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. నేను ఆయన వైపు చూడలేదు.