దొరసాని ఇచ్చిన ముళ్ల స్పూన్లు

ఆ దినాల్లో మా ఇండ్లల్లో వెండి అంటే పుట్టిన బిడ్డకు మొలతాడు, పెండ్లయిన ఆడపిల్లకు మెట్టెలు, దేవుడి గూట్లో ఒక కుంకుమ భరిణె. అంతకు మించి వెండికీ మాకూ పెద్ద పరిచయం లేదు. అట్లాంటి కుటుంబంలో, పచ్చ మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ఆరు పెద్ద స్పూన్లు, ఆరు చిన్న స్పూన్లు, ఆరు ఫోర్కులు, అన్నీ అసలు సిసలు వెండివి ఉండేవంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. వాటిని వాడుకోవాలో, దాచుకోవాలో, అమ్ముకోవాలో తెలియక మా వాళ్లంతా ఒక ఏడాది పాటు మనశ్శాంతి లేకుండా బతికారు. ఆ అశాంతిలో ముప్పాతిక భాగం నా పుణ్యమే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మదనపల్లెలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, లోకమంతా నన్నే చూస్తోందని గట్టిగా నమ్ముతున్నాను.

ఆ పెట్టె మా అమ్మ వాళ్ల నాయనది. తాతకు సోమల ఊరి పక్కన నాలుగెకరాల మెట్ట ఉండేది. వానలు లేని ఏడు మదనపల్లెకొచ్చి, ఒక తెల్ల డాక్టరమ్మ బంగళాలో తోటపనికి కుదిరాడంట. ఆమెకు బటానీలు, బీట్‌రూట్లు, పేరు తెలియని ఆకులు అన్నీ పండించి పెట్టాడు. ఆమె తన దేశానికి వెళ్లిపోయే దినం తాతను పిలిచి, ‘నీ కూరగాయలు ఈ స్పూన్లతోనే తిన్నాను, ఇవి నీ దగ్గరే ఉండాల’ అని వచ్చీరాని తెలుగులో చెప్పి పెట్టె చేతిలో పెట్టిందంట. తాత వాటిని ఒక్కసారీ నోట్లో పెట్టుకోలేదు. ఏడాదికోసారి అవ్వ విబూదితో తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ పెట్టెలో పడుకోబెట్టేది. ఫోర్కులను ‘ముళ్ల స్పూన్లు’ అనేది. తాత పోయినాక ఈ కథ చెప్పే పని మా మామ తీసుకున్నాడు. మామకు పుంగనూరులో ఎరువుల అంగడి. యూరియా మూటకు వచ్చిన రైతు కూడా దొరసాని కథ వినకుండా బయటపడేవాడు కాదు.

అవ్వ పోయిన పదకొండో దినం పుంగనూరులో మామ వాళ్ల నడింట్లోకి పెట్టె వచ్చింది. ముగ్గురు వారసులు: అందరికన్నా పెద్ద మామ, తర్వాత మా అమ్మ, చివర కుప్పంలో ఉండే చిన్నమ్మ.

“ఇట్ల పెట్టుకోని ఏం జేసుకుంటామప్పా? కరిగిచ్చి ముగ్గురికీ మూడు చెంబులు జేపిద్దాం. చెంబంటే పూజకన్నా వస్తాది,” అన్నాడు మామ.

“చెంబు యాల? కుందులు జేపిద్దాం,” అంది అమ్మ.

చిన్నమ్మ ఒక ఫోర్కు తీసుకుని కొంగుతో తుడుస్తా కూర్చుంది. ఆమెను ఎవరూ అడగలేదు. నన్ను అడిగే ప్రశ్నే లేదు. నా గుండెలో మాత్రం ఫోర్కు దిగినట్టయింది. ఎందుకంటే అప్పటికే కాలేజీ హాస్టల్లో నలుగురు అమ్మాయిల ముందు, బెంగళూరు నుంచి వచ్చి చదువుతున్నామని మిడిసిపడే వాళ్ల ముందు, ‘మా ఇంట్లో వెండి ఫోర్కులుండాయి, భోజనానికి రండి’ అని గొప్పలు పోయి ఉన్నాను. (అవ్వ బతికుండగానే, పెట్టె పుంగనూరులో ఉండగానే. ‘మా ఇల్లు’ అంటే పుంగనూరు కూడా అని సర్దుకున్నాను.) ఫోర్కు పట్టుకునే తీరు ఒక వారపత్రికలో చూసి, దువ్వెనతో సాధన కూడా చేశాను.

మదనపల్లెలో వెండి అంగళ్లు ఎక్కువని పెట్టె అక్కడున్న మా ఇంటికి చేరింది. అమ్మకు జ్వరం. అంగడికి పోయే పని నామీద పడింది. సంచిలో పెట్టె పెట్టుకుని నడుస్తుంటే అడుగడుక్కీ లోపల గలగలమని చప్పుడు. ఎదురొచ్చే ప్రతి మనిషీ దొంగలాగా కనిపించాడు. కాసేపటికి నేనే దొంగలాగా కనిపిస్తున్నానేమో అని ఇంకో భయం. వెండిపని చేసే ఆచారి పెద్దాయన. ఒక ఫోర్కు తీసుకుని వెనక చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు చూశాడు, నా మొహం చూశాడు.

“ఎవురిదమ్మా ఇది?”

“మా తాతది.”

“మీ తాత పేరు ఇంగ్లీషోళ్ల పేరా?”

నాకు చెమటలు పట్టాయి. దొరసాని కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. (మామకన్నా వేగంగా చెప్పడం అదొక్కసారే.) ఆయన నవ్వి, ఫోర్కు కాడ వెనక ఆకురాయితో రవ్వంత గీకి, ఏదో చుక్క వేసి, రంగు చూసి, “మంచి వెండి పాపా. పెట్టిపో. సాయంత్రానికి మూసలో ఏస్తాను,” అన్నాడు.

‘మూసలో ఏస్తాను’ అనే మాట ఆయనకు రోజూ చెప్పేదే. నేను మాత్రం, కరిగించేస్తాడని అర్థం కాగానే, ఆయన చేతిలోని ఫోర్కు తీసుకుని పెట్టెలో పెట్టేశాను. “ఇంట్లో ఒకసారి అడిగొస్తా,” అని పెట్టెతో సహా ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో దూరాను. మొదట మామకు చేశాను. “ఇంగేం అడిగేది పాపా? ఏసెయ్యమను!” అని అరిచాడు, వెనక ఎవరో డీఏపీ మూట అడుగుతున్నారు. తర్వాత కుప్పంలో చిన్నమ్మకు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మీటరు తిరుగుతోంది. చివరికి, “అన్న ఎట్ల సెప్తే అట్లనే,” అని పెట్టేసింది.

బూత్ అద్దాల గదిలో నిలబడి నేను ఆలోచించింది అవ్వ గురించి కాదు, తాత గురించి కాదు. వచ్చే ఆదివారం భోజనానికి రాబోయే నలుగురు అమ్మాయిల గురించి. పెట్టె తీసుకుని నేరుగా ఇంటికొచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్న అమ్మతో ఒక్క మాట అన్నాను.

“అది వెండి కాదంట. జర్మన్ సిల్వరంట.”

అంత చిన్న మాటకు అంత పనితనం ఉంటుందని నాకు తెలియదు. అమ్మ లేచి కూర్చుంది. “పాపం అమ్మ, ఎన్నేండ్లు తోమిందో,” అంది. కబురు తెలిసి తర్వాతి దినం పొద్దున్నే పుంగనూరు బస్సు దిగి మామ వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. పెట్టె తెరిచి చూసి, మూసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“మా నాయన్ను మోసం జేసిందే ఆ యమ్మ,” అన్నాడు. “మట్టి పిసికే వాడికి ఇదే సాలనుకునింది. ఆయనేమో సచ్చేదాకా ఆ యమ్మకు దండం పెట్టినాడు.”

‘లేదు మామా’ అని చెప్పాల్సిన చోటు సరిగ్గా అదే. చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి అంత మంచి చోటు మళ్లీ దొరకలేదు. మామ ఆ దినం నుంచి దొరసాని కథ చెప్పడం మానేశాడు. రైతులు అడిగినా, “అదేం లేదులేప్పా, ఊరికే,” అనేవాడంట. అత్త ఈ సంగతి అమ్మకు చెబుతుంటే విని నాకు మూడు దినాలు అన్నం సయించలేదు.

ఆదివారం భోజనం జరిగింది. అమ్మ చిత్రాన్నం చేసింది. ఫోర్కు సందుల్లోంచి మెతుకులు, శనగపప్పు రాలిపోతుంటే నలుగురు అమ్మాయిలూ మర్యాదగా పావుగంట తంటాలు పడి, తర్వాత నవ్వి, చేత్తో తిన్నారు. ఒకమ్మాయి, “వెండివన్నావే?” అంది. వంటింట్లోంచి అమ్మ, “వెండి యాడిది తల్లీ, జర్మన్ సిల్వరు!” అని గట్టిగా చెప్పింది. అబద్ధం ఆడింది ఏ గొప్ప కోసమో ఆ గొప్ప అంతటితో సరి.

అసలు కష్టాలు ఆ తర్వాత మొదలయ్యాయి. విలువ లేదని తేలిన వస్తువు మీద ఎవరికీ దయ ఉండదు. పెద్ద స్పూనొకటి సున్నం డబ్బాలోకి చేరింది. ఇంకొకదానితో అమ్మ పూలకుండీల్లో మట్టి పెళ్లగించేది. ఫోర్కుతో కొబ్బరి చిప్పలోంచి ముక్క లేపేది, నిమ్మకాయలకు గాట్లు పెట్టేది, ఒకసారి మూసుకుపోయిన తూము పొడిచింది. పక్కింటివాళ్ల ఇంట్లో పుట్టినరోజుకని ఆరు చిన్న స్పూన్లూ పోయాయి. అవి తిరిగొచ్చేదాకా నేను వాళ్ల వాకిలి ముందు పదిసార్లు అటూ ఇటూ తిరిగాను. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు పడేసి లెక్కపెట్టేదాన్ని, పద్దెనిమిది ఉండాలి. ఒక దినం పదిహేడే ఉన్నాయి. దొడ్లో, చెత్తబుట్టలో, బియ్యం డబ్బాలో చేతులు పెట్టి వెతుకుతుంటే, అమ్మ కొప్పులోంచి ఫోర్కు తీసి, “దీనికేనా? కొప్పు జారిపోతాండాదని గుచ్చుకున్న్యా,” అంది. (నిజం చెప్పాలంటే ఆమెకు బాగుంది కూడా.) “జర్మన్ సిల్వరుకు ఇంత ఆరాటమేమే నీకు?” అని అమ్మ అనుమానంగా చూసినప్పుడల్లా నవ్వేసి తప్పుకునేదాన్ని.

అట్లా ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మా అరుగు మీద పాత సామాన్లకు స్టీలు సామాన్లిచ్చే ఆమె గంప దించుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు అమ్మవి రెండు పాత చీరలు, ఒక సొట్ట బిందె, ఆ పక్కన చెక్కపెట్టె. అమ్మ చేతిలో స్టీలు బేసిను.

“అమ్మా, వద్దు!” అన్నాను.

“ఏం వద్దు? సంగటి కలిపేదానికి బేసిను ల్యాక అగసాట్లు పడతాండా.”

చెప్పేయాలి. నోరు తెరిచాను. అంతలో ఆ సామాన్లామె ఒక ఫోర్కు తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది, అరుగు రాయి మీద మెల్లగా తట్టి చప్పుడు విన్నది, మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసింది.

“నాకొద్దు తల్లీ. ఇది వెండి.”

“కాదమ్మే, జర్మన్ సిల్వరు. అంగట్లో సూపిచ్చినాం.”

“నలభై ఏండ్లుగా సామాన్లు ఎత్తుతాండా, నాకు తెలీదా? ఒక బేసినుకు వెండి తీసకపోతే నాకు ముద్ద దిగుతాదా?” అని, చీరలకు ఒక చిన్న గిన్నె ఇచ్చి, గంప నెత్తికెత్తుకుని పోయింది.

అమ్మ ఆ ఫోర్కును చూడలేదు. నన్ను చూసింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. అరుగు మీదే కూర్చుని ఏడ్చుకుంటూ మొత్తం చెప్పాను, ఒక్క హాస్టల్ అమ్మాయిల సంగతి తప్ప. కరిగించడానికి మనసు రాలేదని మాత్రం చెప్పాను.

మామకు కబురు పోయింది. సాయంత్రం బస్సుకే వచ్చాడు. చెంప పగులుతుందనుకుని స్తంభం వెనక నిలబడ్డాను. ఆయన నన్ను పట్టించుకోనే లేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని, సున్నం అంటుకున్న స్పూనును పంచె కొసతో రుద్దుతూ కూర్చున్నాడు.

“అయితే ఆ యమ్మ మా నాయన్ను మోసం జేయలేదు,” అన్నాడు చివరికి. నావైపు తిరిగి, “ఒక ఏడు, పాపా. ఒక ఏడంతా పుణ్యాత్మురాల్ని తిట్టిపించినావు నా నోటితో,” అన్నాడు. ఆ మాటకన్నా చెంపదెబ్బ మేలనిపించింది.

చెంబుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెద్ద స్పూన్లు మామ తీసుకుని, ఎరువుల అంగట్లో గల్లాపెట్టె పైన అద్దం పెట్టెలో పెట్టాడు. కథ మళ్లీ మొదలైంది, మునుపటికన్నా పొడుగ్గా. ఫోర్కులు అమ్మకు వచ్చాయి. వెండని తెలిసినా నిమ్మకాయలకు గాట్లు పెట్టడం మాత్రం ఆమె మానలేదు, “ఇంత బాగా ఇంకేదీ దిగదు,” అనేది. చిన్న స్పూన్లు చిన్నమ్మకు పోయాయి.

తర్వాత కొన్నేళ్లకు, రెండు వేల సంవత్సరం దాటినాక, నాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చి చిన్నమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఒక ఆదివారం ఆమె కాఫీ కలుపుతూ, “ఆ దినం నువ్వు ఫోన్ జేసినావే, వద్దనాలని నోటిదాకా వచ్చినాది పాపా. అన్నకు ఎదురు సెప్పేంత ధైర్యం నాకు యాడిది? పెట్టేసి ఆడనే కూసోని ఏడిస్తి. అవ్వమింద ప్రేమతో నువ్వు అంత తెగించినావు సూడు. అవ్వ కడుపున పుట్టిన నాకే ల్యాకపోయె,” అంది.

‘అవ్వ మీద ప్రేమ కాదు చిన్నమ్మా, నలుగురు అమ్మాయిల ముందు గొప్ప కోసం’ అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. కాఫీ తీసుకుని తాగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎస్టీడీ గదిలో పెట్టె గుండెకు హత్తుకుని చెమటలు కక్కుతున్న పిల్ల కళ్ల ముందు నిలుస్తుంది, నవ్వొస్తుంది. ఎంత అబద్ధాలకోరు, ఎంత పిరికిది, ఎంత డాబు! అయినా దాన్ని కోప్పడబుద్ధి కాదు. చిన్నమ్మ పోయేదాకా నేను మంచిపిల్లననే అనుకుంది. ఆమె ముందు అట్లా ఉండాలని, ఆ కాఫీ తాగిన దినం నుంచి నేను నిజంగానే కొంచెం ప్రయత్నం చేశాను.