గుండిగ చుట్టూ ఐసు

ఈ పూట మీ బిడ్డకు పట్టిన నీళ్లు కాచినవేనా? జవాబు మీ మనసుకే చెప్పుకుని ఇది చదవండి. మొన్న మా మేనత్త పోయింది. వయసు పండి, తన మంచం మీద, నిద్రలో పోయింది. ఈ ఉద్దానంలో అలా పోవడం ఎంత భాగ్యమో మరిడిని, అదే కలరాను, చూసిన ఊళ్లకు తెలుసు.

అత్త మగడితో బర్మాలోని రంగం వెళ్లి, పసికూతురితో ఒంటరిగా తిరిగొచ్చింది. అక్కడ కూలీల బసల్లో మరిడి సోకితే పచ్చినీళ్లు తాగినవాళ్లు రాలిపోయారు. మా మామయ్యా పోయాడు. కాచిన టీ తాగుతూ వచ్చిన అత్త మిగిలింది. అప్పటినుంచి గ్లాసుకు కూడా వేడినీళ్లు చూపించందే ఎవరికీ అందించేది కాదు. “మరిగిందాన్నే నమ్ముతాను” అనేది.

ఆ కూతురి పెళ్లి వైశాఖంలో వచ్చింది. కంచిలి వైపు అప్పటికే మరిడి తిరుగుతోంది. పెళ్లివారి కోసం అత్త పెరట్లో పెద్ద గుండిగ పెట్టింది. నీళ్లు కళపెళా తెర్లాక దించి, అప్పుడు తేయాకు మూట వేసింది. ఆకు మరిగితే చేదెక్కుతుందట. బెల్లం కలిపి, చల్లారనిచ్చి, నిమ్మకాయలు పిండి, గుండిగను మట్టి గోలెంలోకి దింపించింది.

పెళ్లికొడుకు మేనమామ వాల్తేరు నుంచి రైల్లో ఐసుగడ్డ తెప్పించాడు. పలాస స్టేషను నుంచి ఊకలో కప్పి బండి మీద తెచ్చారు. అత్త దాన్ని పగలగొట్టించి గోలెంలో గుండిగ చుట్టూ సర్దింది. లోపల ఒక్క ముక్క వెయ్యలేదు.

“ఇదేటమ్మా, నా ఐసు గోలేనికి పెడతన్నావు? గలాసుల్లో ఎయ్యి!” అన్నాడాయన.

“ఏ నీళ్లు గడ్డకట్టించినారో ఎవుడికి తెలుసు అన్నయ్యా?”

“ఐసులో మరిడుంటాదేటి? సలికే సచ్చిపోద్ది!”

పందిరంతా నవ్వింది.

“సలికి సావదు. మంటకే సత్తాది. నాను సూసొచ్చినాను.”

“గలాసులో ఐసు పడకపోతే బళ్లు తిప్పేత్తాం!”

నవ్వు ఆగిపోయింది. లోపల పెళ్లికూతురు ఏడుపందుకుంది. ఆయన ఊళ్లో పురాణం చెప్పే నావైపు తిరిగాడు. “ఏటయ్యా పురాణపాయనా, అతిథి అడిగింది పెట్టాల గదా? నీ గ్రంథం ఏటంటాది?”

చంకలోని గ్రంథం తీసి ఆయన ముందుకు చాపాను. “అతిథి దాహం తీర్చమంది. అతిథి ప్రాణం తియ్యమని ఏ పుటలో ఉందో మీరే చూపించండి!”

అత్త మాత్రం గొంతు పెంచలేదు. గరిటెతో గ్లాసు నింపి ఆయనకిచ్చింది. “సల్లగా లేకపోతే నా మొకాన పోసీండి. సల్లగుంటే మా గుంటని కోడలిగా తీసుకెళ్లండి.”

ఆయన తాగాడు. గ్లాసు ఖాళీ చేసి మళ్లీ చాపాడు. “ఇంకొంచెం పొయ్యి, సెల్లెమ్మా.”

ఆ టీ తాగినవాళ్లెవరికీ ఏమీ కాలేదు. దారంట ఐసుముక్కలు చప్పరించిన బండివాడికి మాత్రం మర్నాడు మరిడి పట్టింది. పెళ్లింట్లోని పనులన్నీ వదిలి, అత్త వాడి తలదగ్గర కూర్చుని ఉప్పూ బెల్లం వేసిన కాచిన నీళ్లు గుక్కగుక్కగా పట్టింది. వాడు లేచాడు.

మొన్న మేం శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి, ఇప్పుడు ముసలివాడైన ఆ బండివాడు పెరట్లో గుండిగ కింద మంట వేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఏడుస్తూ పుల్లలు ఎగదోస్తున్నాడు.

హరిశ్చంద్రపురం దాకా మళ్లీ మరిడి వచ్చిందంటున్నారు. ఆ గుండిగ తెర్లుతూనే ఉంది. బిందె పట్టుకుని రండి. రాలేకపోతే మీ పొయ్యి రాజెయ్యండి. సాయంత్రం కాదు, రేపు కాదు. ఈ కాగితం కింద పెట్టి, ఇప్పుడే లేవండి!