గాలి తీసి స్ప్రింగు వేసిన వారం

పంపక్కకి అసలు పేరొకటి ఉండే ఉంటుంది. వీధిలో ఎవరినైనా అడిగి చూడండి, తల గోక్కుంటారు. ఇరవై మూడేళ్లుగా సైకిళ్ల షాపు నడుపుతోంది. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న పంపు ఉంటుంది కనుక పంపక్క అయింది. టైర్లకి గాలి కొట్టే పెద్ద పంపు కాదు అది. కొండల మీద తిరిగే సైకిలుకి ముందు చక్రాన్ని పట్టుకుని ఫోర్కు ఉంటుంది. దాని రెండు కాళ్లూ రాయి తగిలినప్పుడల్లా లోపలికి దిగి పైకి లేస్తాయి, దెబ్బ చేతుల దాకా రాకుండా చూస్తాయి. ఆ ఫోర్కులో గాలి నింపే పంపు అది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, దానికో డయలు, డయల్లో ఒక ముల్లు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పంపక్క నోరు మంచిదేమీ కాదు, అయినా ఊరంతా ఆవిడ దగ్గరికే వస్తుంది. గొలుసుకి నూనె వెయ్యకుండా తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి కడిగేస్తుంది. "నువ్వు మొహం కడుక్కుని ఎన్ని నెలలైంది? దానికీ అంతే అయింది," అంటుంది. తిట్లన్నీ తిన్నాక వాడే మళ్లీ వచ్చే నెల వస్తాడు. ఎందుకంటే ఆవిడ చెయ్యి పడిన సైకిలు మరి పేచీ పెట్టదు.

ఆవిడకో పద్ధతి ఉంది. ఆడవాళ్ల వయసు, మగవాళ్ల జీతం అడగకూడదని అందరికీ తెలుసు. పంపక్క ఆ జాబితాలో మూడోది చేర్చింది: సైకిలు తొక్కేవాడి బరువు. అడిగితే లావుపాటివాళ్లు తగ్గించి చెబుతారు, బక్కవాళ్లు పెంచి చెబుతారు, తన పని తగలబడుతుంది. అందుకని అడగదు. మనిషిని సైకిలెక్కి కూర్చోమంటుంది. ఫోర్కు కాలి మీద నల్లటి రబ్బరు రింగు ఒకటుంటుంది. ఫోర్కు ఎంత దిగితే రింగు అంత జరిగి అక్కడే ఆగిపోతుంది. ఆ జరిగినంత మేర చూసి, గాలి కాస్త కొట్టో కాస్త వదిలో సరిచేసి పంపిస్తుంది. మనిషి నోరు అబద్ధమాడినా రింగు ఆడదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచింది.

సోమవారం పొద్దున్నే తమ్ముడు తన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. తొక్కుతూ కాదు, నడిపించుకుంటూ. కొండ మీద ఊట దగ్గర్నుంచి ఊళ్లోకి నీళ్లు తెచ్చే పైపులైను మీద అతని ఉద్యోగం. పద్నాలుగేళ్లు ప్రతి ఉదయం పైట్యాంకు దాకా తొక్కి, దారిలో వాల్వులన్నీ చూసుకుని దిగేవాడు. ఆరు నెలల కిందట మూడో వాల్వు దగ్గర రక్తం కక్కుకుని పడిపోయాడు. కడుపులో పుండు. ఆపరేషనైంది, బతికాడు.

"అక్కా, దీన్లో గాలి తీసేసి స్ప్రింగు వేసెయ్," అన్నాడు. "లోపలి సీల్ అరిగి గాలి కారుతోంది. పైకెళ్లేసరికి సగం దిగిపోతోంది. వచ్చే సోమవారం ఇన్‌స్పెక్టరు పరీక్ష పెడతాడట. పైట్యాంకు దాకా వెళ్లి రెండు గంటల్లో దిగాలి. లేదంటే ఆఫీసులో కూర్చుని మీటర్ల రిజిస్టరు రాయమంటారు."

"రాస్తే ఏం? ఫ్యాను కింద కూర్చోవచ్చు."

"ఫ్యాను నువ్వు పెట్టుకో. నేను రిజిస్టరు రాస్తే నెలకే చచ్చిపోతాను."

మొండివాడు రాజు కన్నా బలవంతుడు. వాడు ఆ మాట అన్న తీరు చూసి పంపక్క ఇంక వాదించలేదు. పైగా గాలి తీసేద్దామన్న మాట ఆవిడ చెవికి చల్లగా తగిలింది. ఎందుకో మాత్రం పైకి చెప్పలేదు.

స్ప్రింగు సెట్లు పెద్ద ఊరి నుంచి రావాలి. ఫోను చేసింది. అవతల డీలరు, "తొక్కేవాళ్ల బరువెంతండీ?" అని అడిగాడు. "గాలైతే మీరే కొట్టుకుని సర్దుకుంటారు. స్ప్రింగు సర్దుకోదు కదా. బరువుని బట్టి పంపించాలి."

ఇరవై మూడేళ్లలో ఎవరినీ అడగని ప్రశ్న. పంపక్క ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి తమ్ముడి వైపు చూసింది. అతను గోడ మీద వేలాడుతున్న టైర్లని చూస్తున్నాడు.

"ఎనభై," అన్నాడు.

ఎనభై ఇంచుమించు అతని పాత బరువు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. కళ్లున్నవాళ్లెవరికైనా కనిపిస్తుంది. పంపక్కకి కళ్లు బాగానే ఉన్నాయి. అయినా ఫోన్లో, "ఎనభై అండీ," అంది.

గురువారం పార్సిలొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం షాపు తలుపు ఓరగా వేసి పనికి కూర్చుంది. ముందు వాల్వు నొక్కి ఉన్న గాలంతా వదిలింది. గాలి ఉండగా మూత విప్పితే అది ఎగిరి మొహం పగలగొడుతుంది. బుస్సుమని చప్పుడై, ఆగిపోయింది. కింద బోల్టులు వదులు చేసి, పాత నూనె గిన్నెలోకి వంచి, రెండు కాళ్ల మీంచి కింది తొడుగు లాగేసింది. ఎడమ కాలి లోపల గాలి కడ్డీ. దాన్ని పట్టి ఉంచే రింగు క్లిప్పుని ప్లయరుతో తీసి, కడ్డీని బయటికి లాగింది. దాని చివర సీలు అరిగి, పగిలి, ఎండిపోయి ఉంది.

ఆ కడ్డీ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయింది. ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

నిరుడు తమ్ముడు నెలకోసారి వచ్చి, "అక్కా, ఫోర్కు గట్టిగా కొడుతోంది," అనేవాడు. పంపు తగిలించి చూస్తే ముల్లు తొంభై దగ్గరే ఉండేది, ఎప్పుడూ ఉండేదంతే. రింగు మాత్రం ఇదివరకంత జరిగేది కాదు. కాస్త గాలి వదిలి ఎనభై అయిదుకి తెచ్చింది. తర్వాతి నెల డెబ్బై ఎనిమిది. ఆ తర్వాత డెబ్బై. అతను టీ తాగుతుండగానే పని కానిచ్చి, "వెళ్లిరా," అనేది. అతనికి హాయిగా ఉండేది, ఆవిడకి తన పనితనం చూసి గర్వంగా ఉండేది. గాలి తగ్గించాల్సి వస్తోందంటే పైన కూర్చునే మనిషి తరిగిపోతున్నాడనేగా అర్థం! అది ఆవిడకి తట్టలేదని కాదు. ఒక నెలలో తట్టింది కూడా. వాడికిష్టం లేని ప్రశ్న ఎందుకులే, పనెక్కువై ఉంటుంది అనుకుని ఊరుకుంది. ఆసుపత్రిలో డాక్టరు, "మూడు నెలల ముందొచ్చి ఉంటే కత్తి దాకా వచ్చేదే కాదు," అన్నప్పుడు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పంపక్క తన సంచిలో ఉన్న పంపుని తడుముకుంది. డాక్టరుకన్నా ముందు ఆ జబ్బు ఆవిడ చేతికే తెలిసింది. చేత్తోనే దాన్ని కప్పిపెట్టింది.

అందుకే స్ప్రింగు అనగానే హాయి అనిపించింది. స్ప్రింగుకి పంపు అక్కర్లేదు, ముల్లు చూడక్కర్లేదు.

లేచి పని పూర్తి చేసింది. స్ప్రింగు లోపల గోడకి రాసుకుని గలగలలాడకుండా గ్రీజు దట్టంగా పూసి కాలిలోకి దించింది, కొత్త నూనె పోసింది, తొడుగెక్కించి బోల్టులు బిగించింది.

శనివారం తమ్ముడూ మరదలూ కలిసి వచ్చారు. మరదలు మంచిదే కానీ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఆ రోజు గుమ్మం పక్క స్టూలు మీద పెదవి కదపకుండా కూర్చుంది. షాపు వెనక సందులో నలభై రాతిమెట్లున్నాయి. పంపక్క రింగుని కిందికి తోసి, "మెట్ల మీంచి దిగిరా," అంది.

దిగాడు. ముందు చక్రం మెట్టు మెట్టుకీ ఎగిరింది. మెట్ల కింద ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, "అద్భుతంగా ఉందక్కా," అన్నాడు.

పంపక్క వంగి చూసింది. అయిదంగుళాలు దిగగలిగే ఫోర్కు అది. ఆ మెట్ల మీద నాలుగన్నా దిగాలి. రింగు రెండు దగ్గర ఆగిపోయింది.

"చేతులు చూపించు."

"ఏమీ కాలేదే!"

"చూపించమన్నానా?"

అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఒక చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీది కుట్టు దగ్గరికి వెళ్లింది. నలభై మెట్లకే ఇలా ఉంటే కొండ మీంచి దిగేదాకా ఆ కుట్టు ఏమవుతుందో పంపక్కకి తెలుసు. రాత్రికి రాత్రి ఎనభై కిలోలయ్యే మనిషి లోకంలో లేడు. ఇప్పుడు 'బాగుంది' అని పంపిస్తే సోమవారం ఎక్కడో ఒక రాయి దగ్గర పడతాడు. మళ్లీ తన చేతి మీదుగానే పడతాడు.

షాపు మూల పాత ఇనుము తూచే కాటా ఉంది. దాని మీది సామానంతా కాలితో పక్కకి తోసింది.

"ఎక్కు."

"అక్కా, వద్దు."

"ఎక్కరా!"

మరదలు లేచి నిలబడింది. "వదినా, ఆయన్ని వదిలెయ్యండి. నేనే పాంట్లన్నీ నడుం దగ్గర మూడుసార్లు కుట్టి బిగించాను. ఆయనకి తెలియకూడదని ఆయన పడుకున్నాక కుట్టాను. ఇప్పుడు కాటా ఎక్కిస్తే ఎలా?"

పంపక్క నేల మీద కూలబడిపోయింది. ఆ కొరకొర చూపుల మనిషి అలా కూర్చోవడం వాళ్లిద్దరూ ఎన్నడూ చూడలేదు.

"నువ్వు ఆర్నెల్లుగా కుట్టావు. నేను అంతకుముందే మొదలుపెట్టాను," అంది మరదలితో. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "నిరుడు నీ ఫోర్కులోంచి నెలనెలా గాలి తీశాను. నువ్వు తగ్గిపోతున్నావని నాకు తెలిసింది. అడగలేదు. అడిగుంటే నీకు కోత తప్పేది. డాక్టరు ఆ మాట అన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. మొన్న కూడా ఎనభై అన్నావని ఎనభైకే తెప్పించాను. మళ్లీ అదే పని చేశాను. నన్ను తిట్టు."

తమ్ముడు తిట్టలేదు. సైకిలుని గోడకి ఆనించాడు.

"నాకు మాత్రం తెలియదా? నా పాంటు నాకు తెలియకుండా బిగుస్తుందా?" అన్నాడు. భార్య వైపు చూసి నవ్వబోయాడు, రాలేదు. "ఆసుపత్రికెళ్తే ఉద్యోగం పోతుందని భయపడి నేనే వెళ్లలేదక్కా. నువ్వు అడిగున్నా అబద్ధమే చెప్పేవాణ్ణి. మొన్న ఎనభై అంటే నువ్వు సరేనన్నావు చూడు, అప్పుడు ఎంత సంతోషమేసిందో! అక్కకైనా నేను పాత మనిషిలా కనిపిస్తున్నాను అనుకున్నాను."

ఆ మాటతో ముగ్గురికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందుగా తేరుకున్నది పంపక్కే, తిట్టడానికి. "పాత మనిషీ లేదు, పాత చింతకాయా లేదు. సంచి తగిలించుకుని, హెల్మెట్టు పెట్టుకుని, పనిలోకి వెళ్లేటట్టు ఎక్కి చావు. స్ప్రింగు మోసేది వాటితో సహా."

ఎక్కాడు. అరవై నాలుగు. సంచీ, బూట్లూ తీసేస్తే అరవై. ఆ అంకె ఇంట్లో ఆరు నెలలుగా ఎవరూ ఎత్తనిది. పైకి చదివేసరికి ఎవరూ పడిపోలేదు, కప్పు కూలలేదు. మరదలు ముక్కు చీది, "ఇంతేనా, నేను యాభై అనుకుని హడలిపోతున్నాను," అంది. అప్పుడు వచ్చింది తమ్ముడికి నవ్వు.

పంపక్క డీలరుకి ఫోను చేసి, అతను వారాంతం సెలవంటుంటే నానా చీవాట్లూ పెట్టి, అరవై నాలుగుకి సరిపడే స్ప్రింగుని ఆదివారం మధ్యాహ్నం బస్సులో వేయించింది. సాయంత్రానికల్లా మార్చేసింది. మెట్ల మీంచి దింపి చూస్తే రింగు నాలుగంగుళాలు దాటింది. ఈసారి అరచేతులు చూపించమని అడగక్కర్లేకపోయింది, అతనే చాపాడు.

సోమవారం కొండ కింద వాల్వు గది ముందు ఇన్‌స్పెక్టరు కుర్చీ వేసుకుని గడియారం చూసుకుంటున్నాడు. పంపక్క షాపుకి తాళం వేసి మరీ వచ్చింది. గంటన్నర దాటింది. గంటా ముప్పావు అయింది. మరదలు పంపక్క మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు గుచ్చుకుంటున్నా పంపక్క విడిపించుకోలేదు. ఇంకో ఏడు నిమిషాలకి పై మలుపులో హెల్మెట్టు కనిపించింది. రాళ్ల మీంచి ముందు చక్రం దిగుతూ లేస్తూ, నేలని వదలకుండా వస్తోంది. అతను పాతలా దూకించుకుంటూ రాలేదు, జాగ్రత్తగా, తన దారి తను చూసుకుంటూ వచ్చాడు. వచ్చి ఆగి, ఆయాసం తీర్చుకున్నాడు. నాలుగు చోట్ల దిగి నడిచానని తనే చెప్పాడు.

"నడవకూడదని రూల్లో లేదు," అంటూ ఇన్‌స్పెక్టరు కాగితం తీశాడు. "వివరాలు రాయాలి. బరువు?"

"అరవై సార్."

ఇన్‌స్పెక్టరు పాత ఫైలు తిరగేసి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "అదేమిటయ్యా? ఇక్కడ ఎనభై రెండని ఉంది!"

"ఆ ఇరవై రెండూ పోయాయి సార్," అన్నాడు తమ్ముడు. "నేను మిగిలాను."

ఇన్‌స్పెక్టరు అరవై అని రాసి, సంతకం పెట్టాడు. ఆసుపత్రిలో కన్నీటిబొట్టు రాల్చని పంపక్క అక్కడ, నలుగురూ తిరిగే రోడ్డు మీద, చిన్నపిల్లలా నోరు తెరిచి ఏడ్చింది.